ప్రామాణిక మానవుడూ, ముక్కాలి పీటా

అతన్ని కంపెనీలో అందరూ నిచ్చెన అంటారు. మొహం మీద ఎవరూ అనరు. అంత ఎత్తున ఉన్న మొహం మీద ఏదైనా అనాలంటే అనేవాడు కూడా ఏదో ఒకటి ఎక్కాలి. గుమ్మాలు ఎవరికీ తల వంచవు కనుక అతనే గుమ్మాలకి తల వంచుతూ తిరుగుతాడు. అది చూసి కొత్తవాళ్ళు ఎంత వినయమో అనుకుంటారు. పాతవాళ్ళకి తెలుసు, అది వినయం కాదు, నుదుటి మీద బొప్పి నేర్పిన బుద్ధి.

నిచ్చెన పని అరలకి నమూనా బొమ్మలు గీయడం. అరలన్నాం కదా అని అరకొర పని అనుకోకూడదు. గోడకి రెండు నిలువు పట్టీలు, పట్టీల పొడవునా గాళ్ళు, గాళ్ళలో బ్రాకెట్లు, బ్రాకెట్లు కదలకుండా పట్టే కొక్కేలు, బ్రాకెట్ల మీద పలక. పొడుగు సీసా వస్తే పై పలకని ఒక గాడి ఎక్కించుకోవచ్చు, పొట్టి డబ్బా వస్తే ఒక గాడి దించుకోవచ్చు. "ఇక మీరు సర్దుకుపోనక్కర్లేదు. మా అరే సర్దుకుంటుంది" అని కంపెనీ బోర్డు మీద ఉన్న వాక్యం కూడా అతనిదే. రాసిన రోజు ఇంటికెళ్ళి భార్యకి చదివి వినిపిస్తే ఆవిడ, "పోన్లెండి, సర్దుకుపోవడానికి ఇన్నాళ్ళకి నాకో తోడు దొరికింది" అంది. మెచ్చుకుందనుకుని ఇంకోసారి చదివాడు.

డ్రాయింగ్ గదిలో అతని బల్ల వెనక గోడ మీద ఒక పెన్సిలు గీత ఉంది. మొట్టమొదటి నమూనా గీస్తున్నప్పుడు, అన్నిటికన్నా పై అర ఎంత ఎత్తులో ఉండాలన్న ప్రశ్న వచ్చింది. మనిషి చెయ్యి ఎంతవరకు అందితే అంతవరకు అన్నాడు ప్రొప్రైటరు. ఏ మనిషి అని ఎవరూ అడగలేదు. గదిలో ఉన్న మనిషి నిచ్చెన. గోడకి ఆనుకుని నిలబడి చెయ్యి ఎత్తాడు. ప్రొప్రైటరు కుర్చీ ఎక్కి, వేలి కొస దగ్గర గీత గీసి, దాని కింద "ప్రామాణిక మానవుడు" అని రాసి దిగాడు. గీత గీయడానికి కుర్చీ ఎక్కాల్సి వచ్చినప్పుడైనా ఆయనకి అనుమానం రావలసింది. రాలేదు. కుర్చీ దిగగానే ఎక్కిన సంగతి మర్చిపోవడం కుర్చీ ఉన్నవాళ్ళ లక్షణం.

ఇన్నేళ్ళ తర్వాత ఒక రోజు ప్రొప్రైటరు ఆ గీత కిందే నిలబడి, ఏమయ్యా, ఒక్క మాట, అన్నాడు. ఆయన ఒక్క మాట అన్నాడంటే చాలా మాటలుంటాయని అర్థం. సర్దుబాటు అరలు అమ్ముడు కావడం మందగించింది. కదలని బీరువాలైతే రేకు కత్తిరించడం, అతికించడం, అవతల పారెయ్యడం; గాళ్ళక్కర్లేదు, కొక్కేలక్కర్లేదు, బొమ్మలక్కర్లేదు, బొమ్మలు గీసే మనిషీ అక్కర్లేదు. ఒకే ఒక్క ఆశ ఆడపిల్లల హాస్టల్ వార్డెన్. గదులన్నిటికీ అరలు కావాలంది. ఆవిడ ఒప్పుకుంటే సరే. ఒప్పుకోకపోతే ఈ నమూనా అటకెక్కుతుంది, డ్రాయింగ్ బల్ల అమ్మకానికి వెళ్తుంది, నిచ్చెన షోరూం కౌంటరు వెనక్కి వెళ్తాడు.

నిచ్చెనకి కౌంటరు తెలుసు. ఆ కుర్చీ పొట్టిది, దాని ముందున్న బల్ల ఇంకా పొట్టిది. అక్కడ కూర్చోవాలంటే మోకాళ్ళు విప్పి పక్కన పెట్టుకోవాలి. పైగా ఆ బల్ల మీద అతను గీయదగింది సంతకం ఒక్కటే.

"మరి ఆవిడకి షోరూం చూపిస్తే సరిపోతుందిగా" అన్నాడు.

"చూసింది. ఖాళీ అరల్లో ఏ తప్పూ కనపడదట. కాపురం చేస్తున్న అరలు చూపించమంది" అన్నాడు ప్రొప్రైటరు. "మీ ఇంట్లో ఉన్నాయిగా. ఎల్లుండి తీసుకొస్తా. మీ ఆవిడ చేత ఆ పై అరలోంచి ఏదో ఒకటి తీయించి, పెట్టించి చూపించు చాలు."

*

నిచ్చెన భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మెడలో టేపు లేకుండా ఆవిణ్ణి ఎవరూ చూడలేదు. మనిషి పొట్టి. పెళ్ళి ఫోటోలో ఇద్దరి తలలూ ఒకే చట్రంలో పట్టించడానికి ఫోటోగ్రాఫరు ఆవిణ్ణి పీట ఎక్కించాడు. "పెళ్ళిలో ఎక్కిన పీట నేనింకా దిగలేదు" అని ఆవిడ వచ్చినవాళ్ళతో అంటూ ఉంటుంది. అన్నప్పుడల్లా అందరికన్నా ముందు నవ్వేది నిచ్చెనే.

ఆ సాయంత్రం అతను ఇంట్లోకి అడుగుపెట్టి, మొగుడి కళ్ళతో కాకుండా వార్డెన్ కళ్ళతో చూశాడు. గోడ నిండా తను గీసిన అరలు. పై వరసల్లో కుట్టుసామాన్ల పెట్టె ఒక్కటి తప్ప అంతా బోసి. పప్పుల డబ్బాలు పొయ్యి గట్టు మీద, దారపు ఉండలు కిటికీలో, కత్తిరించిన బట్టలు కుట్టుమిషను మీద, బొత్తాల సీసాలు నేల మీద వరసగా, చెప్పులు విప్పి గుడి బయట వదిలినట్టు. ఇంత గొప్ప అరలు చేత పెట్టుకుని ఈ మనిషి ఇల్లంతా నేల మీద పరిచిందేమిటని అతనికి కడుపు మండింది.

"ఏమోయ్, అరలెందుకున్నాయి? వస్తువులు పెట్టుకోవడానికా, దుమ్ము పెట్టుకోవడానికా?"

"ఎప్పట్నుంచి నిలబడి ఉన్నాయో పాపం. కాస్త విశ్రాంతి తీసుకోనివ్వండి" అంది ఆవిడ, పళ్ళ మధ్య గుండుసూది పట్టుకుని.

"ప్రతి వస్తువుకీ ఒక చోటు పెట్టాను."

"పెట్టారు. మీకందే చోటు."

ఆ మాట బయల్దేరింది కానీ, చేరవలసిన చెవి చాలా ఎత్తున ఉండటంతో దారిలోనే చల్లారిపోయింది. అతను అప్పటికే వార్డెన్ సంగతి మొదలుపెట్టాడు. బీరువాల సంగతి, బల్ల అమ్మకం సంగతి, కౌంటరు సంగతి చెప్పాడు. అన్నీ మామూలు గొంతుతోనే చెప్పాడు గానీ, చెబుతున్నంతసేపూ జేబులో పెన్సిలు ఉందో లేదో తడుముకుంటూ ఉన్నాడు. ఆవిడ మిషను తొక్కడం ఆపి ఆ చెయ్యి వంకే చూసింది.

"కౌంటర్లో మీ మోకాళ్ళెక్కడ పెడతారు?" అంది చివరికి.

"అదే నేనూ ఆలోచిస్తున్నా."

ఏం చెయ్యాలో చెప్పమంది. అతను చెప్పాడు. పై అరలో కుట్టుసామాన్ల పెట్టె ఉంటుంది. వార్డెన్ అడగ్గానే నవ్వుతూ దాన్ని దించి, మూత తీసి చూపించి, మళ్ళీ పైన పెట్టాలి. మధ్యలో "ఎంత సులువో" అనాలి. ఒకసారి చేసి చూపించమన్నాడు. ముందే చేస్తే పదును పోతుంది, పెట్టె దించడం నాకేం కొత్తా, రోజూ చేస్తున్నదే అని ఆవిడ తేల్చేసింది. "ఎంత సులువో" అన్న మాట మాత్రం రెండు మూడు రకాలుగా అని వినిపించింది. ఒక రకంలో కొంచెం వెటకారం ఉందని అతనికి తోచింది కానీ, మిగతావి బాగానే ఉన్నాయి.

*

వార్డెన్ వచ్చే రోజు పొద్దున భార్య పక్కవీధిలో ఎవరికో కుట్టిన బట్టలు ఇచ్చి రావడానికి వెళ్ళింది. వెళ్తూ, నేను వచ్చేదాకా ఏమీ కదపకండి అని చెప్పింది. కదపకండి అనడం ఎవరితో? కదిలే అరలు కనిపెట్టినవాడితో.

ఆవిడ వీధి మలుపు తిరిగిందో లేదో అతను చొక్కా చేతులు మడిచాడు. గట్టు మీది డబ్బాలు పైకెళ్ళాయి. కిటికీలో దారాలు పైకెళ్ళాయి. బొత్తాల సీసాలు రంగుల ప్రకారం మరీ పైకెళ్ళాయి. కుట్టుసామాన్ల పెట్టె కొట్టకొసన కూర్చుంది. ఎక్కడా వంగనక్కర్లేదు, సాగనక్కర్లేదు. చెయ్యి చాస్తే అర, అర పక్కనే ఇంకో అర. ఎంత సులువో, అనుకున్నాడు, నిజంగానే.

అప్పుడు కనబడింది అడుగు అర. ఇంట్లో అరలన్నీ డ్రాయింగులో ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి, ఇదొక్కటి తప్ప. దీని పలకని ఎవరో రెండు గాళ్ళు పైకి జరిపారు. జరిపిన ఖాళీలో ఒక ముక్కాలి పీట గోడవైపు తిరిగి ఒదిగి కూర్చుని ఉంది. జానెడు వెడల్పు పీట, కాళ్ళు అరిగి నున్నగా ఉన్నాయి, పైన నడిమధ్య రెండు పాదాల మరకలు. బట్ట కత్తిరించేటప్పుడు ఆవిడ దీని మీద కూర్చోవడం అతను చూశాడు. పాదాలతో ఎవరు కూర్చుంటారన్న సందేహం అతనికి రాలేదు. ఆ గాళ్ళ తేడా చూసి ఒళ్ళు మండటంతో సరిపోయింది. అంత కష్టపడి గీసిన అరలో ఈ మూడుకాళ్ళ జంతువుని కట్టేస్తుందా? వార్డెన్ చూస్తే ఏమనుకుంటుంది?

పలకని డ్రాయింగు ప్రకారం కిందికి దించి, అందులో పాత పత్రికలు బొత్తిగా పేర్చాడు. పీట చంకన పెట్టుకుని వీధి చివరికి నడిచాడు.

వీధి చివర రేకుల పంచ కింద పీటల మేస్త్రీ దుకాణం. పీటలు తప్ప ఇంకేం చెయ్యడు. నిచ్చెన కనబడితే చాలు, ఉలి పక్కన పెట్టి లేచి నిలబడి దండం పెడతాడు. "అంతా మీ చలవే బాబూ. మీ చెయ్యి ఎప్పుడూ పైనే ఉండాలి" అంటాడు. ఏ జన్మ బంధమో తెలీదు గానీ, నిచ్చెన కూడా ఆ గౌరవాన్ని వద్దనకుండా తీసుకుంటూ ఉంటాడు.

ఈసారి మేస్త్రీ దండం సగంలో ఆగిపోయింది. పీట వంక చూశాడు. "ఇది అమ్మగారిది కదూ? కాలేమన్నా ఊగుతోందా?"

"ఊగట్లేదు. ఇంట్లో దీనికి చోటు లేదు. ఇక్కడ ఉండనీ" అని నిచ్చెన పీటని పంచ కింద దింపి, వార్డెన్ వచ్చేస్తుందన్న తొందరలో గబగబా వెళ్ళిపోయాడు. మేస్త్రీ పీటని తిరగేసి, ఒక్కొక్క కాలూ ఊపి చూశాడు. ఏదీ ఊగలేదు. చేసిన పీట వెనక్కి రావడం అతని దుకాణంలో ఇదే మొదలు.

*

భార్య, వార్డెన్, ప్రొప్రైటరు ఇంచుమించు ఒకేసారి గుమ్మంలోకి వచ్చారు. వార్డెన్ కూడా పొట్టి మనిషే, నడుముకి తాళాల గుత్తి. ఆవిడా నిచ్చెన భార్యా ఎదురెదురుగా నిలబడితే కళ్ళూ కళ్ళూ సరిగ్గా కలిశాయి. ఇద్దరూ ఏ కారణం లేకుండానే నవ్వుకున్నారు. ప్రొప్రైటరు ఇది శుభసూచకం అన్నట్టు నిచ్చెన వీపు తట్టబోయాడు. చెయ్యి నడుము దగ్గర ఆగింది.

వార్డెన్ గోడ ముందు నిలబడి అరలు చూసింది. పట్టీ మీద గోటితో కొట్టింది. పలక అంచు తడిమింది. బాగుంది అంది. తర్వాత నిచ్చెన భార్య వైపు తిరిగి, "ఆ పై పెట్టె ఒకసారి తియ్యమ్మా" అంది.

భార్య నవ్వుతూ కదిలి, అడుగు అర వైపు వంగింది. వంగినది వంగినట్టే ఆగిపోయింది. అక్కడ పీట లేదు. పాత పత్రికలున్నాయి. తల తిప్పి గట్టు చూసింది, కిటికీ చూసింది, నేల చూసింది. తనకి అందే చోట ఉన్న వస్తువు ఒక్కటీ ఇంట్లో మిగల్లేదు. ఆఖరికి మొగుడి వంక చూసింది. అతను కనుబొమలతో కానియ్యి కానియ్యి అంటున్నాడు.

ఆవిడ లేచి నిలబడింది. చెయ్యి ఎత్తింది. మడమలు లేచాయి. వేళ్ళు సాగాయి. మెడలోంచి టేపు జారి కింద పడింది. వేలి కొసకీ పెట్టెకీ మధ్య ఇంకా ఒక సంసారం పట్టేంత ఖాళీ ఉంది.

"ఎంత సులువో" అంది ఆవిడ, అదే ఎత్తులో, గోడ వైపు చూస్తూనే.

నిచ్చెన ఒక్క అంగలో వచ్చి, చెయ్యి చాచి, పెట్టె దించి బల్ల మీద పెట్టాడు. "చూశారా మేడమ్? ఏ శ్రమా లేదు."

"మీరు కాదండీ" అంది వార్డెన్. "మీరేమన్నా మా హాస్టల్లో చేరతారా?"

ప్రొప్రైటరు నవ్వాడు. నవ్వకూడదని తెలిసేసరికి నవ్వు అయిపోయింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో చప్పుడైంది. పీటల మేస్త్రీ, పీటని పసిపిల్లలా ఎత్తుకుని నిలబడ్డాడు.

"అమ్మా, తప్పయితే చెప్పండి. అయ్యగారు పీట తెచ్చి పడేసి వెళ్ళారు. అన్ని కాళ్ళూ చూశాను, ఊగట్లేదు. కొత్తది కావాలంటే కొత్తదిస్తాను గానీ, ఇలా వెనక్కివ్వడం నా దుకాణానికి మంచిది కాదు."

భార్య పీట అందుకుని, నేల మీద పెట్టి, కాలితో ఒకసారి సవరించి, చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పట్టుకుని ఎక్కింది. పెట్టె తీసుకుని పైన పెట్టింది. మళ్ళీ దించింది. దిగింది. ఊపిరి తీసినంత మామూలుగా జరిగిపోయిందది. పీట మీది రెండు మరకల్లో రెండు పాదాలూ అచ్చు గుద్దినట్టు కుదరడం నిచ్చెన చూశాడు.

వార్డెన్ మేస్త్రీని అడిగింది, ఇలాంటివి బాగా పోతాయా అని. మేస్త్రీకి పొగడ్తంటే ఇష్టం.

"ఎందుకు పోవమ్మా. ఈ కంపెనీ వాళ్ళు ఏ ఇంట్లో అరలు బిగించినా, మర్నాడు ఆ ఇంటి ఇల్లాలు నా దగ్గరికొస్తుంది. నేను దుకాణం ఇక్కడికి మార్చిందే అందుకు. ఈ బాబు చెయ్యి అంత పైన ఉండబట్టే మా కంచంలో నాలుగు మెతుకులు పడుతున్నాయి."

నిచ్చెనకి ఇన్నాళ్ళ దండాలూ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ప్రొప్రైటరు పైకప్పు వైపు చూస్తున్నాడు.

"మరి అర కిందికి దిగుతుందన్నారుగా. దించుకోవచ్చుగా అమ్మా?" అంది వార్డెన్.

"దించాలంటే కొక్కెం నొక్కాలండీ. కొక్కెం బ్రాకెట్టుకి పైనుంది. అరని దించాలంటే ముందు అది అందాలి. అందేవాళ్ళకి దించే పనేముంది?" అంది భార్య. అని, ఒక క్షణం ఆగి, గొంతు తగ్గించి, "ఒకసారి పీట ఎక్కి దించాను. మర్నాటికి మళ్ళీ పైకెళ్ళిపోయింది" అంది.

నిచ్చెన చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. పొద్దున లేచేసరికి పై అర కిందికి వచ్చి ఉంది. బ్రాకెట్టు తనంతట తనే జారిందనుకున్నాడు. ఇంత ప్రమాదమా అని అరని పైకెక్కించి, ఆ కొక్కేన్ని ఎవరూ తేలిగ్గా కదపలేనంత బిగువుగా మళ్ళీ గీశాడు. అప్పట్నుంచి కంపెనీ అరలన్నిటికీ ఆ బిగువు కొక్కెమే. దానికి ప్రొప్రైటరు అందరి ముందూ చప్పట్లు కూడా కొట్టించాడు.

వార్డెన్ తాళాల గుత్తి సవరించుకుంది. "పట్టీ గట్టిది, పలక గట్టిది, కొక్కెం మరీ గట్టిది. కానీ మా పిల్లలకి అర కావాలి. అరకి తోడు పీట, పీటకి తోడు పట్టుకునే మనిషి అక్కర్లేదు. ఎల్లుండి మీ వర్క్‌షాపు వైపు వస్తాను. నా చేతికి అందితే మాట్లాడదాం."

వెళ్తూ ప్రొప్రైటరు నిచ్చెనతో ఒక్క మాట అన్నాడు. ఈసారి నిజంగా ఒక్కటే. "కౌంటరు కుర్చీ తుడిపించి ఉంచుతాను."

*

ఇల్లు ఖాళీ అయింది. భార్య కింద పడ్డ టేపు తీసి మెడలో వేసుకుని, మిషను ముందు కూర్చుంది. తొక్కలేదు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాడు నిచ్చెన.

"చెప్పాను. నవ్వారు."

అతను గోడ ముందుకి నడిచాడు. తర్వాత ప్యాంటు కొంచెం పైకి లాక్కుని, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కూర్చుంటే అతని తల సరిగ్గా భార్య తలంత ఎత్తుకి వచ్చింది. ఆ ఎత్తులోనే మోకాళ్ళ మీద నడుస్తూ ఇల్లు చూడటం మొదలుపెట్టాడు.

అది తన ఇల్లులా లేదు. అద్దంలో మొహం లేదు, తల వెంట్రుకలు మాత్రం కనబడ్డాయి. కిటికీ గొళ్ళెం ఆకాశంలో ఉంది. పెళ్ళిలో తీయించుకున్న ఫోటో తలెత్తితే గానీ కనబడదు, ఎత్తితే గాజు మీద వెలుగు కొట్టి అందులో ఎవరున్నారో తెలీదు. తను ఇంత శ్రద్ధగా నునుపు చేయించిన పలకలకి కింది వైపు రంగే వెయ్యలేదు. గరుకు చెక్క, దాని మీద కంపెనీ ముద్ర తలకిందులుగా. అంటే ఇన్నాళ్ళూ ఈ మనిషి చూస్తున్నది తన అరల పొట్టే గాని వీపు కాదు.

బ్రాకెట్టు కింద మొహం పెట్టి ఆగిపోయాడు. పైనుంచి చూస్తే అక్కడ ఇనుము నిండుగా ఉన్నట్టుండేది. కిందినుంచి చూస్తే డొల్ల. వేలు దూర్చాడు. పట్టింది. ఇంకో వేలు దూర్చాడు. అదీ పట్టింది. జేబులోంచి పెన్సిలు తీసి నేల మీదే ఏదో గీయబోయాడు, గీత పడలేదు.

ఎప్పుడో లేచి వంటింట్లోకి వెళ్ళిన భార్య తిరిగి వచ్చి, మోకాళ్ళ మీద నేలకి ముక్కు ఆనించి ఉన్న మొగుణ్ణి చూసింది. "ఏమన్నా పోయిందా?"

"పోయిందో, దొరికిందో. నువ్వు బట్టల మీద గీసే సబ్బుముక్క ఒకటి ఇటివ్వు."

నేల మీద బట్టలు కత్తిరించే చోట, ఆవిడ సబ్బుముక్కతో, కొక్కేన్ని తిరగేసి గీశాడు. పైనుంచి నొక్కే పట్టు కింది వైపుకి వచ్చింది. కిందినుంచి రెండు వేళ్ళు దూర్చి నెడితే గాడి వదులుతుంది. ఆవిడ వంగి చూసింది. మెడలో టేపు అతని తల మీద వేలాడింది. ఇది ఎంత ఎత్తున పెడతారు అని అడిగింది.

అతను చెప్పబోయాడు. డ్రాయింగ్ గది గోడ మీద గీత గుర్తొచ్చింది. సబ్బుముక్క కింద పెట్టాడు.

*

మర్నాడంతా వర్క్‌షాపులో ఆకురాయి చప్పుడే. నిచ్చెన తనే బ్రాకెట్టు బిగించి పట్టుకుని, ఆకురాయితో పట్టు అరగదీసి, గాడిలో పెట్టి, తీసి, మళ్ళీ అరగదీశాడు. మొదటిది మరీ వదులై పలక ఊడి కాలి మీద పడింది. రెండోది మరీ బిగిసి, వార్డెన్ సంగతి దేవుడెరుగు, తనకే ఊడలేదు. మధ్యాహ్నం దాటాక ఒకటి కుదిరింది. రెండు వేళ్ళతో నెడితే చిన్న చప్పుడుతో వదిలి, పలక చేతిలోకి దిగింది.

పీటల మేస్త్రీ ఒకసారి తొంగి చూసి, తన పీట కిందికి నీళ్ళొచ్చాయని దిగాలుగా వెళ్ళాడు.

వార్డెన్ వస్తానన్న రోజు పొద్దున్నే నిచ్చెన భార్యని వర్క్‌షాపుకి తీసుకొచ్చాడు. ఇన్నేళ్ళలో ఆవిడ డ్రాయింగ్ గదిలోకి రావడం అదే మొదలు. గోడ మీద గీత చూసింది. కింద రాసింది తలెత్తి, నోట్లోనే చదువుకుంది.

"ఈ ప్రామాణిక మానవుడు ఎవరండీ?"

"నేనే."

"బాగా తెలిసిన మనిషే" అంది.

గోడకి ఆనుకుని నిలబడమని, ఆవిడ చేతికి పెన్సిలు ఇచ్చి, చెయ్యి ఎంతవరకు హాయిగా అందితే అక్కడ గీత గియ్యమన్నాడు. ఆవిడ నిలబడింది. చెయ్యి ఎత్తింది. గియ్యబోయింది.

"మడమలు" అన్నాడు నిచ్చెన.

"ఏమయ్యాయి?"

"లేచి ఉన్నాయి."

ఆవిడ కిందికి చూసుకుంది. నిజంగానే లేచి ఉన్నాయి. దించింది. మళ్ళీ చెయ్యి ఎత్తింది. చెయ్యి లేవగానే, ఎవరో తాడు లాగినట్టు, మడమలూ లేచాయి. ఆవిడే నవ్వింది. ఇంకోసారి ప్రయత్నించింది. చెయ్యి పైకెళ్ళాలంటే కాళ్ళు కూడా వెళ్ళాలని ఆ ఒంటికి ఎప్పుడో అలవాటైపోయింది; ఇప్పుడు చెప్తే వినడం లేదు. మూడోసారికి ఆవిడ నవ్వలేదు.

నిచ్చెన నేల మీద మోకరించాడు. రెండు చేతులతో ఆవిడ రెండు మడమలూ పట్టుకుని నేలకి ఆనించి ఉంచాడు. వేళ్ళ మొదళ్ళ పక్కన చర్మం గట్టిపడి కాయలు కాసి ఉంది. అతని పొడుగాటి వేళ్ళు ఆ కాయల దాకా వెళ్ళి ఆగాయి.

పైనుంచి ఆవిడ గొంతు వినబడింది. "అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు. మీకు అన్నీ అందుతాయిగా. కాళ్ళెందుకు పట్టుకున్నారు?"

"ఇవి అందలేదు ఇన్నాళ్ళూ" అన్నాడు అతను. "గియ్యి."

ఆవిడ గీసింది. అప్పుడే తలుపు తెరుచుకుంది. ముందు ప్రొప్రైటరు, వెనక వార్డెన్. తన డిజైనరు నేల మీద పడి పెళ్ళాం కాళ్ళు పట్టుకుని ఉండటం చూసి ప్రొప్రైటరు, ఇంటి గొడవలు ఇంట్లో చూసుకోవాలి గదయ్యా అని ఏదో గొణిగాడు. వార్డెన్ ఆయన్ని దాటుకుని ముందుకొచ్చింది. గోడ మీది రెండు గీతలూ చూసింది, మడమల మీది చేతులు చూసింది, తిరగేసిన కొక్కెంతో పక్కన నిలబెట్టిన కొత్త అర చూసింది. దాని కింద రెండు వేళ్ళు దూర్చి నెట్టింది. పలక చేతిలోకి దిగింది. మళ్ళీ పెట్టింది.

"ఇప్పుడు సరైన ఎత్తులో ఉన్నారు" అంది నిచ్చెనతో. చేతిసంచీ అతని డ్రాయింగ్ బల్ల మీద పెట్టి, తాళాల గుత్తి విప్పి సంచీ పక్కన ఉంచి, గోడ దగ్గరికి నడిచింది. "ఆ పెన్సిలు ఇటివ్వమ్మా. నాదీ తీసుకోండి. మా హాస్టల్లో నాకన్నా పొట్టి పిల్లలున్నారు, వాళ్ళ దగ్గరికి టేపు తీసుకుని నువ్వే రావాలి. ఈయన వరండాలో కూర్చుని రాసుకుంటారు."

ప్రొప్రైటరు ఆ మాటకి గబగబా తలూపాడు. పాత గీత చెరిపేద్దామని గోడ దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి చాచాడు. అందలేదు. అటూ ఇటూ చూసి, కుర్చీ లాక్కున్నాడు.

నిచ్చెన మోకాళ్ళు దులుపుకుని లేచాడు. భార్య గీసిన గీత ముందు నిలబడి, దాన్ని దగ్గరగా చూడబోయాడు. అది సరిగ్గా అతని నుదుటికి, పాత బొప్పి ఉన్న చోటికి వచ్చింది.